డైరెక్టరమ్మ ఇంట్లో బదిలీ

"ఒసే యాయ్రా! మీ అమ్మనడుగు. మీ నాన్నకి ముద్ద పెట్టాలన్నా పై నుంచి ఆర్డరు రావాలేమో!"

వంటపాకలోంచి యావా ముసలమ్మ వేసిన కేక పెరటిగోడ దాటి వీధిదాకా వెళ్ళింది. ఆవిడ అడగమన్న మనిషి అక్కడే, పొయ్యికి ఇవతల చిన్న పీట మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది.

పదిహేడేళ్ళ యాయ్రా తల్లివైపూ నాయనమ్మవైపూ మార్చి మార్చి చూసింది. "అమ్మా, నాయనమ్మ ఏమంటోందంటే..."

"విన్నాను," అంది ఎన్యోనం తలెత్తకుండా. "పులుసు ఇంకాసేపట్లో దిగుతుంది. ఎప్పుడు ఆకలైతే అప్పుడు తినమను."

"నాయనమ్మా, అమ్మ ఏమంటోందంటే..."

"నాకేం చెవుడు లేదే!" అంది ముసలమ్మ, అక్ప్లే పిండిని తెడ్డుతో గుండిగకేసి బాదుతూ. కోడలి మీది కోపమంతా ఆ మొక్కజొన్నపిండి మీద పడింది. ముద్ద ఎన్నడూ లేనంత మెత్తగా కుదిరింది.

బుధవారం నుంచీ ఆ ఇంట్లో మాటలన్నీ యాయ్రా మీదుగానే నడుస్తున్నాయి. కొర్బ్లా మాస్టారు భార్యతో మాట్లాడటం మానేశాడు. తిండి మానలేదు. తల్లి గదిలో, గోడవైపు తిరిగి కూర్చుని తింటున్నాడు. "నాన్న సబ్బెక్కడుందంటున్నాడు." "అమ్మ కిటికీలోనే ఉందంటోంది." "కిటికీలో లేదట." "అయితే నాయనమ్మ వాడేసిందట." ఇంకెవరింట్లోనైనా ఇలా జరిగి ఉంటే ఎన్యోనం పగలబడి నవ్వి ఉండేది.

జరిగింది ఊరందరికీ తెలుసు. బుధవారం సాయంత్రం జిల్లా టీచర్లందరినీ హాల్లో కూర్చోబెట్టి, జిల్లా విద్యా డైరెక్టరు హోదాలో ఆమె ఈ ఏటి బదిలీలు మైకులో చదివింది. అడూకోపే పేరు వచ్చేసరికి హాల్లో మామూలుగా లేచే గుసగుసలే లేచాయి. ఉప్పుసరస్సు నడుమ ఉన్న ఆ దీవి బడికి పేరు చదవడమే గాని మనిషి వెళ్ళి ఉండిపోవడమన్నది లేదు. పడవలో వెళ్ళినవాళ్ళు అదే పడవలో తిరిగొచ్చేస్తారు. ఒకరికి నడుంనొప్పి. ఒకరికి నీళ్ళంటే భయం. ఒకరికి మేనమామ పెద్ద పదవిలో ఉంటాడు.

"అడూకోపే. లెక్కల మాస్టారు కొర్బ్లా అగ్బెన్యో," అని చదివింది ఎన్యోనం.

గుసగుసలు తెగిపోయాయి. వెనక వరసలో కూర్చున్న భర్తవైపు ఆమె చూడలేదు. తర్వాతి ఊరి పేరుకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ముసలమ్మ గుండిగ దించి, చేతులు తుడుచుకుని, సూటిగా కోడలి ముందుకొచ్చి నిలబడింది. ఇక యాయ్రాతో పని లేదన్నమాట.

"నువ్వు వినెబాలో చదువుకోడానికి బయల్దేరిన రోజు గుర్తుందా?"

"గుర్తుంది అత్తయ్యా."

"మీ ఇద్దరికీ ఒకే ఏడు యూనివర్సిటీలో సీటొచ్చింది. మీ పెద్దాడు సెనా గాడు పాలు తాగే పసిగుడ్డు. ఇద్దరూ పోతే బిడ్డెవరి దగ్గరుండాలి? ఎవరు ఆగిపోయారు?"

"ఆయనే."

"వచ్చే ఏడు వెళ్తానన్నాడు. ఆ వచ్చే ఏడు ఇంకా రాలేదు! బిడ్డని వీపుకి గుడ్డతో కట్టుకుని బళ్ళో ఎక్కాలు చెప్పాడు నా కొడుకు. ఊళ్ళో ఆడవాళ్ళు మీసాలున్న అమ్మ అని పేరు పెట్టారు. నాకు సిగ్గేసి చేపలు అమ్మడానికి పక్క ఊరి సంతకి పోయేదాన్ని. ఇవన్నీ గుర్తున్నాయా?"

"ఉన్నాయి."

"గుర్తుండే చేశావా ఈ పని?"

ఎన్యోనం కత్తిపీట పక్కన పెట్టింది. "గుర్తుండబట్టే ఇన్నాళ్ళూ చేయలేకపోయాను అత్తయ్యా."

ముసలమ్మకి ఈ జవాబు అర్థం కాలేదు. అర్థం కానివాటికి ఆవిడ దగ్గర ఒకటే మందు ఉంది. "పెద్ద పెద్ద మాటలు నీ ఆఫీసులో చెప్పుకో డైరెక్టరమ్మా," అని ముద్దలు చేయడానికి కూర్చుంది.

ఎన్యోనంకి ఆ ఎత్తిపొడుపు నొప్పనిపించలేదు. సిగ్గేసిందని చెబుతున్న ఈ అత్తయ్యే, మాస్టారికి జ్వరమొచ్చిన రోజుల్లో బిడ్డని తన చేపల పొగపొయ్యిల దగ్గరికి ఎత్తుకెళ్ళి, కళ్ళలోకి పొగ వెళ్ళకుండా కొంగు అడ్డం పెట్టి కూర్చునేది. తను సెలవులకి ఇంటికొస్తే బిడ్డ ఒళ్ళంతా పొగబెట్టిన చేప వాసన. ఆ వాసన పీల్చుకుని మళ్ళీ బస్సెక్కేది. హెడ్మిస్ట్రెస్ అయిన రోజు, ఇన్స్పెక్టరైన రోజు, జిల్లా కుర్చీలో కూర్చున్న రోజు, ప్రతి సభలోనూ ఆమె ఈ ఇద్దరి పేర్లే ముందు చెప్పింది. మాస్టారు వెనక వరసలో కూర్చుని, పక్కవాడి పెళ్ళాన్ని పొగుడుతున్నట్టు చప్పట్లు కొట్టేవాడు.

అటువంటి మనిషి పేరు మైకులో చదివింది.

*

పులుసు దించుతుండగా ఫోన్ మోగింది. పై ఆఫీసులో పెద్ద డైరెక్టరు ఫోలీ గారు. శనివారం పూట ఆయన ఫోన్ చేయడం అరుదు. ఎన్యోనం చేయి తుడుచుకుని వాకిట్లోకి నడిచింది.

"ఎన్యోనం, మీ ఇంటి సంగతి విన్నానమ్మా."

"ఏ సంగతండీ?"

"మీ ఆయన సంగతే. నీ నిజాయితీ ఎవరికి తెలియదు చెప్పు? అందుకోసం సొంత మనిషిని నీళ్ళ మధ్యకి తోసెయ్యాలా? సోమవారం ఆ బదిలీ నేనే రద్దు చేస్తాను. పై నుంచి వచ్చింది గనక నీకు మాట రాదు."

"మరి అడూకోపేకి ఎవరు వెళ్తారండీ?"

"ఇన్నాళ్ళూ ఎవరు వెళ్ళారు?" అన్నాడాయన. చెడ్డగా అనలేదు, అలసటగా అన్నాడు. "నువ్వేం చేయక్కర్లేదు. అవునని చెప్పొద్దు, కాదని చెప్పొద్దు. ఊరికే ఉండు. మిగతాది నేను చూసుకుంటాను."

ఫోన్ పెట్టేశాక ఎన్యోనం వాకిట్లోనే నిలబడిపోయింది. గేటవతల ఇసకదారిలో రొయ్యల బుట్టలతో ఆడవాళ్ళు పోతూ పలకరించారు. ఏం బదులిచ్చిందో ఆమెకే తెలియదు.

ఊరికే ఉంటే చాలు. మాస్టారు మళ్ళీ మాట్లాడతాడు, అత్తయ్య చల్లబడుతుంది, సబ్బు కిటికీలో దొరుకుతుంది. ఎవరూ ఆమెని తప్పుపట్టరు.

కానీ ఈ సంగతి ఫోలీ గారిదాకా ఎవరు మోశారు?

*

మాస్టారు ఇంటివెనక ఉల్లిమడుల్లో ఉన్నాడు. సముద్రానికీ సరస్సుకీ నడుమ మిగిలిన ఆ సన్నటి ఇసకనేల మీద ఎర్ర ఉల్లి నారు పచ్చగా నిలబడింది. లోతులేని బావిలోంచి నీళ్ళు తోడి, జల్లెడ మూతి క్యానుతో ఒక్కో మడికీ చల్లుతున్నాడు.

"మాస్టారూ," అంది ఎన్యోనం.

ఆయన తలెత్తలేదు.

"ఫోలీ గారు ఫోన్ చేశారు. మీ బదిలీ రద్దు చేస్తారట. ఆయనకెవరు చెప్పారు?"

నీళ్ళు ఆగాయి. బుధవారం తర్వాత మొదటిసారి ఆయన ఆమె మొహంలోకి చూశాడు.

"నేనే చెప్పాననుకుంటున్నావా?"

"అడుగుతున్నాను."

"ఇది అడగడమా? ఇన్నేళ్ళలో నీ పదవి పేరు చెప్పుకుని ఎవర్నైనా ఒక సుద్దముక్క అడిగానా? నీ ఆఫీసు మెట్లెక్కానా? వెళ్ళనని చెప్పేవాణ్ణయితే ఆ హాల్లోనే లేచి నిలబడి చెప్పేవాణ్ణి. దొడ్డిదారిన పోవడం నాకు రాదు ఎన్యో."

"మరి ఎందుకీ మౌనం? దీవికి వెళ్ళడం ఇష్టం లేకే కదా?"

"దీవి!" అని నవ్వాడు. అది నవ్వులా లేదు. "దీవి సంగతి ఎవడడిగాడు? నా పక్కన కూర్చున్నవాడు ఏమన్నాడో తెలుసా? మీకు ముందే తెలిసుంటుందిలెండి మాస్టారూ, ఇంట్లో చెప్పే ఉంటారు కదా అన్నాడు. నేను తెలుసన్నట్టు తలూపాను. అబద్ధమాడాను. ఆ పొద్దున నువ్వే నాకు జావ పోసిచ్చావు. నీ ఎదురుగా కూర్చుని తాగాను. బాగుందని కూడా అన్నాను. సాయంత్రం నా పేరు మైకులో విన్నాను."

ఈ మూడు రోజులూ ఎన్యోనం దీవి గురించే వాదనలు పేర్చుకుంది: పడవ ప్రయాణం గురించి, ఆయన మోకాళ్ళ గురించి, వారాంతంలో ఇంటికి రావడం గురించి. జావ గురించి మాత్రం ఆమె దగ్గర ఏ వాదనా లేదు.

"చెప్పాలనే పోశాను," అంది చివరికి. "మీరు బాగుందన్నారు. ఇక నోరు పెగల్లేదు."

"ఎందుకని?"

"మీరు వద్దు ఎన్యో అని ఒక్కమాట అంటే నేను ఆ పేరు కొట్టేసేదాన్ని."

"నేనలా అంటాననుకున్నావు."

"అంటారో అనరో నాకు తెలియదు. నేను కొట్టేస్తానని మాత్రం తెలుసు. మీరు నాకోసం చేసింది తలుచుకుంటే నా చేయి ఆడదు మాస్టారూ. మిమ్మల్ని నమ్మక కాదు. నన్ను నేను నమ్మలేక."

ఆయన క్యాను కింద పెట్టాడు. మడి గట్టు మీద కూర్చున్నాడు. చేతికంటిన మట్టి గోళ్ళతో గీరుకున్నాడు.

"నన్నే ఎందుకు?" అని అడిగాడు. ఈసారి గొంతులో కోపం తగ్గింది.

"ఎవర్ని వెళ్ళమన్నా, ముందు మీ ఆయన్ని పంపండి అన్నట్టు చూస్తున్నారు. ఒకావిడ మొహం మీదే అనేసింది. అదొకటి. ఇంకోటి..." ఎన్యోనం కాస్త తడుముకుంది. "ఈ జిల్లాలో మీలా లెక్కలు చెప్పేవాళ్ళు ఇంకొకరు లేరు. ఈ మాట భార్యగా చెప్పడం లేదు. ప్రతి బళ్ళోనూ వెనక బెంచీలో కూర్చుని విన్నదాన్నిగా చెబుతున్నాను. ఆ పిల్లలకి ఎన్నో ఏళ్ళుగా ఎవరూ లేరు. పంపితే అందరికంటే మంచివాణ్ణే పంపాలనిపించింది."

మాస్టారు ఏదో అనబోయాడు. ఈలోగా వెనకనుంచి వినబడింది.

"నేనే చెప్పించాను!"

యావా ముసలమ్మ తెడ్డు చేత్తో పట్టుకుని కొబ్బరిచెట్టు పక్కన నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో.

"మన పాస్టరు గారి తమ్ముడికి ఆ ఫోలీ తెలుసు. చెప్పమన్నాను. చెప్పాడు. తప్పేముంది?"

"అమ్మా! నన్నొక్కమాట అడక్కుండానా?" మాస్టారు లేచి నిలబడ్డాడు.

"ఓహో! నీ పెళ్ళాం నిన్నడక్కుండా చేస్తే అది ఉద్యోగం. నేను చేస్తే తప్పా?"

మొగుడూ పెళ్ళాం మొహమొహాలు చూసుకున్నారు. బుధవారం తర్వాత ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఇద్దరూ ఆపుకున్నారు.

ముసలమ్మ తెడ్డు దించింది. గొంతు కూడా దిగింది. "ఎనభై దాటినదాన్నిరా. నువ్వు ఆ నీళ్ళ మధ్యకి పోతే పొద్దున లేచి నేనెవరితో పోట్లాడను? ఈవిడతోనా? నేనేమన్నా ఈవిడ సరే అత్తయ్యా, అవును అత్తయ్యా అంటుంది. అదొక పోట్లాటా?"

ఎన్యోనం దగ్గరికి వెళ్ళి ఆవిడ మోచేయి పట్టుకుంది. ముసలమ్మ విదిలించుకోలేదు.

అప్పుడే యాయ్రా పరుగున వచ్చింది. "అమ్మా! గేటు దగ్గర ఎవరో వచ్చారు. అడూకోపే వాళ్ళట. పీతలు తెచ్చారు!"

*

వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు దీవి పెద్దాయన, బక్కపలచటి ముసలివాడు, భుజం మీదుగా శుభ్రంగా ఉతికిన రంగుబట్ట కప్పుకున్నాడు. రెండోది ఆకు అనే ఆవిడ, దీవి బడి పిల్లల తల్లిదండ్రుల సంఘానికి పెద్ద. పొడగరి. తలమీది బుట్ట దించగానే అందులో పీతలు గరగరమన్నాయి. ఆవిడ ఎన్యోనం ఆఫీసుకి ఎన్నిసార్లు వచ్చి వెళ్ళిందో లెక్కలేదు. వచ్చినప్పుడల్లా ఒకే మాట: "మేడమ్, మా పిల్లలు ఎదిగిపోతున్నారు."

వాళ్ళని నీడలో కూర్చోబెట్టారు. యాయ్రా నీళ్ళిచ్చింది. పెద్దాయన చనిపోయిన పెద్దల పేర కాసిని నేలమీద వదిలి, మిగతావి తాగాడు. ఇంటి యజమానిగా కొర్బ్లా మాస్టారే వచ్చిన పని అడగాలి. ఆయన గొంతు సవరించుకుని అడిగాడు.

"ముందుగా, నిన్నటికి మీకు కృతజ్ఞతలు," అంది ఆకు. ఆ తీరంలో ఎవరింటికి వెళ్ళినా మొదట అనే మాటే అది.

మాస్టారు మామూలుగా అనవలసిన బదులు అనలేదు. "నిన్న మేం మీకేం చేశామమ్మా?" అన్నాడు.

"నిన్న కాదులెండి. బుధవారం." ఆకు నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "మాస్టారూ, ఇదివరకు టీచర్లు వచ్చాక వాళ్ళ దగ్గరికి పోయేవాళ్ళం. పీతలిచ్చేవాళ్ళం, కొబ్బరికాయలిచ్చేవాళ్ళం, ఉండండి బాబూ అని బతిమాలేవాళ్ళం. తీసుకుని పడవెక్కేసేవాళ్ళు. ఈసారి మా వాళ్ళంతా కూర్చుని ఒకటనుకున్నారు. మాస్టారు వస్తారో రారో మనకి తెలియదు. వచ్చినా రాకపోయినా ఆవిడకి మాత్రం వెళ్ళి చెప్పి రావాలి అనుకున్నారు."

ఆవిడ ఎన్యోనంవైపు తిరిగింది.

"మేడమ్, ఇన్నాళ్ళూ మా దీవికి చదివిన పేర్లన్నీ ఎవరికీ అక్కర్లేని పేర్లే. తాగేవాడు, పోట్లాడేవాడు, ఏదో తప్పు చేసి దొరికినవాడు. మేమంటే శిక్ష అన్నమాట. ఈసారి మీరు మీకు కావలసిన మనిషి పేరు చదివారు. మా పిల్లలు కూడా మనుషుల పిల్లలే అని ఆరోజు నాకనిపించింది. అదీ వచ్చిన పని."

పెద్దాయన తల ఊపి, "మా పని అంతే. ఇంక మాకేం వద్దు," అన్నాడు.

ఎన్యోనం కళ్ళు తుడుచుకోవడానికి కూడా చేయెత్తలేదు. ఎత్తితే అందరికీ తెలిసిపోతుంది. ఎన్నో సభల్లో ఆమెకి దండలేశారు, రంగుబట్టలు కప్పారు. ఇంత మాట ఆమెతో ఎవరూ అనలేదు.

"బోర్డు ఎలా ఉంది?" అన్నాడు మాస్టారు హఠాత్తుగా.

"ఏ బోర్డండీ?"

"బళ్ళో నల్లబోర్డు."

"అదా! తెల్లగా ఉంది."

"పాత టార్చి బ్యాటరీలు పారేయకండి. లోపలి నల్లపొడి తీసి, కర్రపెండలం ఆకు పసరులో నూరి పూస్తే కొత్తదానిలా అవుతుంది. పిల్లలకి భాగహారం వచ్చా?"

"నాకే రాదు మాస్టారూ, పిల్లల్నేం అడుగుతారు! సంతలో పీతలు పంచుకునేటప్పుడు నా భాగం సరిగ్గా వస్తోందో లేదో ఇప్పటిదాకా తెలియదు."

"అయితే మీరూ వచ్చి కూర్చోండి. సాయంత్రాలు మీకు విడిగా చెబుతాను."

అనేశాక ఆయనే ఆగిపోయాడు. తనేమన్నాడో అప్పుడు వినబడినట్టు చెవి తడుముకున్నాడు. ఎన్యోనం విననట్టే పీతల బుట్టవైపు చూసింది.

యావా ముసలమ్మ అప్పటికే ఆ బుట్ట మీద వాలి ఒక్కో పీతనీ తిప్పి చూస్తోంది. "బరువుగానే ఉన్నాయి," అని ఒప్పుకుంది. "మీ దీవిలో తాగే నీళ్ళు ఉప్పగా ఉంటాయా?"

"వాననీళ్ళు పట్టి దాచుకుంటాం అమ్మమ్మా," అన్నాడు పెద్దాయన.

"నీకంటే నేనే చిన్నదాన్నేమో, అమ్మమ్మేమిటి! పడవ ఊగుతుందా?"

"మామూలుగా ఊగుతుంది. మీరెక్కితే భయపడి కదలకుండా ఉంటుంది."

"చూశావట్రా, ఈ ముసలాడికి నోరుంది," అంది యావా కొడుకుతో. ఆవిడ మొహం వెలిగిపోయింది. పొద్దున లేచి పోట్లాడటానికి మనిషి దొరుకుతాడేమోనన్న ఆశలాంటిది అందులో కనబడింది.

*

ఎన్యోనం భర్తని లోపలికి పిలిచింది. గది తలుపు దగ్గరగా వేసింది.

"ఫోలీ గారికి నేను ఏమీ చెప్పక్కర్లేదు. ఊరుకుంటే చాలు, సోమవారం మీ బదిలీ పోతుంది. ఊరుకోమంటారా? ఈసారి ముందు ఇంట్లో అడుగుతున్నాను."

"ఊరుకోమంటే ఊరుకుంటావా?"

కిటికీలోంచి ఆకు నవ్వు వినబడుతోంది.

"తెలియదు," అంది. "అందుకే బుధవారం అడగలేదు. ఇవాళ భయపడుతూనే అడుగుతున్నాను."

మాస్టారు మంచం మీద కూర్చుని మోకాళ్ళు రాసుకున్నాడు. "నువ్వు ఆ మాట జావ తాగేటప్పుడు చెప్పి ఉంటే ఏమనేవాణ్ణో తెలుసా?"

"ఏమనేవారు?"

"ముందు తిట్టేవాణ్ణి. ఒక పూట అలిగేవాణ్ణి. సాయంత్రం నీతో కలిసి హాలుకి వచ్చి, నా పేరు చదివినప్పుడు లేచి నిలబడేవాణ్ణి. వెనక వరసలో కాదు, ముందు వరసలో." చేయి చాపాడు. "ఫోన్ ఇటివ్వు."

నంబరు కలిపి ఇచ్చింది. ఆయన ఫోన్ని రెండు చేతులతో పట్టుకుని, తరగతి గదిలో మాట్లాడినంత గట్టిగా మాట్లాడాడు.

"అయ్యా, నేను కొర్బ్లాని. అవును, ఆవిడ భర్తనే. నా బదిలీ రద్దు చేయకండి. లేదండీ, బలవంతం ఏం లేదు. ఇంట్లో గొడవా? ఉండేదండీ. ఇందాక ఉల్లిమడుల దగ్గర తేలిపోయింది. మా అమ్మ తరఫున క్షమించండి. ఆవిడ క్షమాపణ చెప్పదు గనక నేను చెబుతున్నాను."

అవతల ఏమన్నారో ఆయన విని, "మీతో మాట్లాడతారట," అని భార్యకి ఫోన్ ఇచ్చాడు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"ఎన్యోనం," అన్నాడు ఫోలీ గారు. ఆయన గొంతులో పొద్దుటి అలసట లేదు. "ఇక దాచడమెందుకు? రాజధానిలో, ఆక్రాలో నీ పేరు అనుకుంటున్నారమ్మా. దేశమంతా మారుమూల బళ్ళకి టీచర్లని పంపే విభాగం ఉంది చూడు, దానికి పెద్దగా. ఇంట్లోవాళ్ళే నీ మీద ఫిర్యాదు పెట్టారని ఎవరైనా అంటే ఆ పేరు పోతుందని, రద్దు చేసేద్దామనుకున్నాను. ఇప్పుడు ఆ బెంగ లేదు. సొంత భర్తని పంపిన మనిషి కంటే ఆ కుర్చీకి ఇంకెవరు కావాలి? నెలాఖరుకల్లా నువ్వు అక్కడుండాలి."

"నెలాఖరుకా?"

"సంతోషంగా లేదా?"

"చాలా కృతజ్ఞురాల్నండీ," అంది ఎన్యోనం. నిజంగానే అంది. చాపలమీద కూర్చున్న పిల్లలకి అక్షరాలు నేర్పుతూ మొదలైన మనిషిని దేశం మొత్తానికి పిలుస్తున్నారు. తన చేతిలో ఉన్నది ఒక్క జిల్లా, అందులో ఒక్క దీవి. ఇటువంటి దీవులు ఇంకెన్నో. గుండె ఉప్పొంగింది. ఆ వెంటనే గదంతా ఒక్కసారి చూసింది. ఈయన దీవిలో, తను ఆక్రాలో. యాయ్రాకి ఇంకా స్కూలు చదువు పూర్తికాలేదు. అత్తయ్య ఎక్కడ?

సోమవారం చెప్పొచ్చు. కాగితం చేతికి వచ్చాక చెప్పొచ్చు. ఇవాళే నవ్వుతున్నారు, ఈ ఒక్కపూట నవ్వనిస్తే ఏం పోయింది?

ఆమె కాళ్ళు ఆ ఆలోచనని వినలేదు. తిన్నగా వాకిట్లోకి నడిచాయి.

అందరూ ఒకే పళ్ళెం చుట్టూ చేరి ఉన్నారు. ముసలమ్మ అతిథులకి అక్ప్లే ముద్దలు పెడుతోంది. మాస్టారు బుధవారం తర్వాత మొదటిసారి గోడవైపు కాకుండా మనుషులవైపు తిరిగి కూర్చుని, ముద్ద బెండకాయ పులుసులో ముంచుతున్నాడు.

"మాస్టారూ," అంది ఎన్యోనం. "నన్ను ఆక్రాకి రమ్మంటున్నారు. నెలాఖరుకి. ఇప్పుడే తెలిసింది. ముందు మీకే చెబుతున్నాను."

మాస్టారి చేయి పులుసులోనే ఆగిపోయింది. ఆకు పెద్దాయనవైపు చూసింది. యాయ్రా నోరు తెరిచి మూయడం మరిచిపోయింది.

"అయితే," అంది యావా ముసలమ్మ నిదానంగా, "ఇప్పుడు ఈ ఇంట్లో ఎవరు ఎవర్ని బదిలీ చేసినట్టు?"

ఎవరూ నవ్వలేదు. మాస్టారు చేయి కడుక్కున్నాడు. తన పక్కనున్న పీట ఆమెవైపు జరిపాడు. ఆయన మొహంలో కోపం కోసం ఆమె వెతికింది. దొరకలేదు.

"నీకు వెళ్ళాలని ఉందా ఎన్యో?" అని అడిగాడు.

ఉందంటే ఈ మనిషి ఒక్క మాట మారు పలకకుండా సరేనంటాడు. లేదంటే నమ్మడు. ఇలా అడిగే మనిషి ఉన్నందుకు దేవుడికి ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలదనిపించింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది.

ఆమె పీట మీద కూర్చుంది.

"చెబుతాను," అంది. "అంతా చెబుతాను. మధ్యలో మీరు సరే అని మాత్రం అనకండి."